తొలితరం చవక ఆర్మ్ ల్యాప్‌టాప్‌లకు అప్‌డేట్లు ఎందుకు ఆగిపోయాయి?

క్లుప్తంగా: 2012–2015 మధ్య వచ్చిన చవక ఆర్మ్ ల్యాప్‌టాప్‌లు (ఫోన్లలో వాడే రకం చిప్‌తో నడిచేవి), అంటే ప్రధానంగా గూగుల్ క్రోమ్ఓఎస్ నడిపే క్రోమ్‌బుక్‌లు, 2018–2020 మధ్య ఒకదాని వెంట ఒకటి అప్‌డేట్ల గడువు దాటేశాయి. కీబోర్డు, స్క్రీన్, బ్యాటరీ బాగానే పనిచేస్తున్నా లోపలి బ్రౌజర్ అక్కడే ఆగిపోయింది. చిప్ పాతబడడం ఒక్కటే కారణమైతే అదే కాలం నాటి ఇంకొన్ని ఆర్మ్ మెషీన్లు ఈనాటికీ అప్‌డేట్లు అందుకోకూడదు, కానీ అందుకుంటున్నాయి. ఆర్మ్ బోర్డులకు ఉమ్మడి ఫర్మ్‌వేర్ (ఆన్ చేయగానే ముందు నడిచే సాఫ్ట్‌వేర్) పద్ధతి లేకపోవడం, గ్రాఫిక్స్ డ్రైవర్ల సోర్స్ కోడ్ బయటికి ఇవ్వకపోవడం, బ్రౌజర్‌నీ ఓఎస్‌నీ ఒకే ముడి వేయడం కలిసి ఈ పరిస్థితి తెచ్చాయి.

ఏయే మెషీన్లు ఇవి?

చవక ఆర్మ్ ల్యాప్‌టాప్ అనే ఆలోచన క్రోమ్‌బుక్‌తో మొదలవలేదు. 2009, 2010 ప్రాంతంలో నెట్‌బుక్‌ల మోజు నడుస్తున్నప్పుడే క్వాల్‌కామ్ ‘స్మార్ట్‌బుక్’ అనే పేరుతో ఈ తరహా మెషీన్లను ప్రచారం చేసింది. 2010లో తోషిబా ఏసీ100 టెగ్రా 2 చిప్‌తో, ఫోన్ల కోసం రాసిన ఆండ్రాయిడ్‌తో వచ్చింది. ఇంకా కింది మెట్టులో వండర్‌మీడియా చిప్ పెట్టి విండోస్ సీఈ నడిపే, కంపెనీ పేరు కూడా సరిగ్గా లేని చిన్న చిన్న మెషీన్లు ఉండేవి. వీటిలో చాలావాటికి ‘సపోర్ట్ ముగిసింది’ అనే మాటే వర్తించదు, మొదలైతే కదా ముగియడానికి.

పద్ధతిగా అప్‌డేట్లు అందుకున్నవాటిలో ముందుగా చెప్పుకోవాల్సింది 2012 అక్టోబరులో వచ్చిన శాంసంగ్ క్రోమ్‌బుక్. ధర 249 డాలర్లు, 11.6 అంగుళాల తెర, ఎక్సినోస్ 5 డ్యూయల్ చిప్, 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజ్. ఫ్యాన్ లేదు కాబట్టి చప్పుడూ లేదు. ఏడాది తర్వాత అదే చిప్‌తో హెచ్‌పీ క్రోమ్‌బుక్ 11 వచ్చింది, 279 డాలర్లకు. 2014లో శాంసంగ్ క్రోమ్‌బుక్ 2, టెగ్రా కే1 పెట్టిన ఏసర్ క్రోమ్‌బుక్ 13 వచ్చాయి. 2015లో రాక్‌చిప్ ఆర్‌కే3288 వల్ల ధర ఇంకా పడిపోయింది. ఆసుస్ సీ201 ధర 169 డాలర్లు, హైసెన్స్ క్రోమ్‌బుక్ అయితే 149 డాలర్లే.

ఇదే కాలంలో మైక్రోసాఫ్ట్ కూడా ఆర్మ్ వైపు వచ్చింది. 2012 అక్టోబరులోనే విడుదలైన సర్ఫేస్ ఆర్‌టీ 499 డాలర్ల టాబ్లెట్, కీబోర్డు విడిగా కొనుక్కోవాలి, కాబట్టి చవక ల్యాప్‌టాప్ అనలేం. కానీ ఆర్మ్ మెషీన్‌కు సపోర్ట్ ఎలా ముగుస్తుందో అర్థం కావాలంటే దాన్ని వీటి పక్కన పెట్టి చూడక తప్పదు.

గడువు తేదీ ఎక్కడి నుంచి లెక్కపెడతారు?

క్రోమ్‌బుక్‌ల విషయంలో అందరినీ ఎక్కువగా తికమక పెట్టేది ఇదే. ప్రతి మోడల్‌కూ గూగుల్ ఒక తేదీ పెడుతుంది, ఆ తేదీ దాటాక ఆటోమేటిక్ అప్‌డేట్లు రావు. లెక్క మాత్రం మెషీన్ కొన్న రోజు నుంచి కాదు, ఆ హార్డ్‌వేర్ ప్లాట్‌ఫాం మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి. మొదట్లో ఇది సుమారు 5 ఏళ్లు, తర్వాత ఆరున్నర, ఆ తర్వాత 8 ఏళ్లు అయింది. 2012 నాటి శాంసంగ్ క్రోమ్‌బుక్‌కు 2018 జులైతో, హెచ్‌పీ క్రోమ్‌బుక్ 11కు అదే ఏడాది అక్టోబరుతో, ఆసుస్ సీ201కు 2020 మధ్యలో గడువు ముగిసింది.

ఇందులో కొనేవారికి నష్టం ఎక్కడంటే, చవక మెషీన్లు విడుదలైన ఏడాదిలోనే అన్నీ అమ్ముడైపోవు. రెండేళ్లు, మూడేళ్లు షాపుల్లో ఉంటాయి, డిస్కౌంట్‌లో పోతాయి, పాతవాటిని బాగుచేసి అమ్మేవాళ్ల చేతుల్లో మళ్లీ తిరుగుతాయి, స్కూళ్లు ఒకేసారి వందల్లో కొంటాయి. అలా 2013 నాటి మోడల్‌ను 2016లో కొన్నవారికి దక్కింది రెండేళ్లే, డబ్బాలోంచి తీసినప్పుడు అది సరికొత్తదే అయినా. తేదీ రహస్యమేమీ కాదు, గూగుల్ సపోర్ట్ పేజీలో ఉండేది, కానీ కొనేటప్పుడు వెళ్లి చూసినవాళ్లు ఎంతమంది?

ఇంత చిన్న గడువు ఎందుకంటే గూగుల్ ఇచ్చే వివరణ సారాంశం ఇది: మెషీన్‌లోని భాగాలకు కావాల్సిన సాఫ్ట్‌వేర్ బయటి కంపెనీల నుంచి రావాలి, వాళ్లు ఆపేస్తే మేమూ కొనసాగించలేం. సాకులాగా వినిపించినా ఇందులో నిజం చాలానే ఉంది, ఆర్మ్ విషయంలో మరీ ఎక్కువ.

అసలు చిక్కు ఫర్మ్‌వేర్ దగ్గర

మామూలు ఇంటెల్, ఏఎండీ పీసీ ఆన్ చేసినప్పుడు బయోస్ లేదా యూఈఎఫ్‌ఐ అనే ఫర్మ్‌వేర్ ముందు లేస్తుంది, మెషీన్‌లో ఏమేం ఉన్నాయో చెప్పే పట్టికలు ఓఎస్‌కు అందిస్తుంది. దాని మీద పీసీఐ, యూఎస్‌బీ పరికరాలు ‘నేను ఫలానా కంపెనీ ఫలానా పరికరాన్ని’ అని తమంతట తామే చెప్పుకుంటాయి. అందుకే తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మర్చిపోయిన 15 ఏళ్ల పీసీలో కూడా ఈ ఏడాది విడుదలైన లైనక్స్ (ఉచిత ఓఎస్) పెన్‌డ్రైవ్ పెడితే చాలాసార్లు నేరుగా లేస్తుంది, అది ఏ మోడలో ఆ లైనక్స్ చేసినవాళ్లకు తెలియాల్సిన పని లేదు.

ఫోన్ల కోసం పుట్టిన ఆర్మ్ చిప్‌లలో ఈ ఏర్పాటు లేదు. డిస్‌ప్లే కంట్రోలర్, ఆడియో, స్టోరేజ్, కీబోర్డు వైపు వెళ్లే లైన్లు అన్నీ చిప్ లోపలి బస్సుల (డేటా దారుల) మీద ఏవో అడ్రసుల దగ్గర ఉంటాయి, అడిగినా పేరు చెప్పవు. ఏ అడ్రసులో ఏముందో, ఏ పిన్ను దేనికి కలిపారో, ఏ రెగ్యులేటర్ ఎన్ని వోల్టులు ఇవ్వాలో ఓఎస్ గుండెకాయ అయిన కెర్నల్‌కు ముందే తెలిసి ఉండాలి. వీధి వీధికీ బోర్డులున్న ఊళ్లో కొత్తవాడైనా ఇల్లు వెతుక్కుంటాడు, బోర్డులు లేని ఊళ్లో ఎవరో కాగితం మీద గీసిచ్చిన దారే దిక్కు.

ఆ కాగితం ఒకప్పుడు కెర్నల్ కోడ్‌లోనే ఉండేది. ఒక్కో బోర్డుకూ ఒక్కో ఫైలు, ఒక్కో కంపెనీకీ ఒక్కో కెర్నల్ శాఖ, ఒకరు రాసిన దాన్నే ఇంకొకరు మళ్లీ రాయడం. ఈ గందరగోళం మీద 2011లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ బహిరంగంగానే విరుచుకుపడ్డాడు. ఆ తర్వాతే బోర్డు వివరాలను కోడ్‌లోంచి తీసి ‘డివైస్ ట్రీ’ అనే విడి ఫైలులో రాసే పని ఊపందుకుంది. వేర్వేరు కంపెనీల ఆర్మ్ చిప్‌లను ఒకే కెర్నల్ ఇమేజ్‌తో లేపే వీలు 2012 డిసెంబరులో వచ్చిన లైనక్స్ 3.7తో మొదలైంది. శాంసంగ్ క్రోమ్‌బుక్ అప్పటికే రెండు నెలల క్రితం షాపుల్లోకి వచ్చేసింది. అంటే ఈ మెషీన్లు పాత పద్ధతి పోయి కొత్త పద్ధతి ఇంకా కుదురుకోని సమయంలో పుట్టాయి, సొంత మార్పులు బోలెడు కలిపిన కెర్నల్‌తో బయటికొచ్చాయి. అలాంటి కెర్నల్‌ను కొత్త వెర్షన్‌కు తీసుకెళ్లడం అంటే ఆ మార్పులన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ అతికించి, ప్రతి మోడల్ మీదా మళ్లీ పరీక్షించడం.

డివైస్ ట్రీ వచ్చాక సమస్య తగ్గింది గానీ పోలేదు. ఆ ఫైలు ప్రతి బోర్డుకూ ఎవరో ఒకరు రాయాలి, రాసినదాన్ని కెర్నల్ మారినప్పుడల్లా చూసుకోవాలి.

గ్రాఫిక్స్ డ్రైవర్ ముడి

ఫర్మ్‌వేర్ తర్వాత పెద్ద అడ్డంకి గ్రాఫిక్స్. శాంసంగ్ క్రోమ్‌బుక్‌లో ఉన్నది మాలి టీ604 అనే గ్రాఫిక్స్ భాగం, ఆర్‌కే3288లో ఉన్నది మాలి టీ760. ఈ తరం మాలి చిప్‌ల డ్రైవర్‌లో కెర్నల్ భాగానికి సోర్స్ ఉన్నా అసలు పనిచేసే పై భాగం బైనరీగానే (సోర్స్ లేకుండా, మార్చడానికి వీల్లేని రూపంలో) వచ్చేది, అది కూడా చిప్ కంపెనీ ద్వారా, ఫలానా వెర్షన్లకు సరిపోయేలా కట్టి. చిప్ కంపెనీ కొత్త బైనరీ ఇవ్వడం మానేస్తే కెర్నల్ పైకి కదలదు, కెర్నల్ కదలకపోతే భద్రతా సవరణలను వెనక్కి తెచ్చి పాత కోడ్‌లో అతికించుకుంటూ పోవాలి. కొంతకాలం అది చేస్తారు, ఎప్పటికీ చేయరు.

మాలి కోసం బయటి ప్రోగ్రామర్లు సొంతంగా రాసిన పాన్‌ఫ్రాస్ట్ డ్రైవర్ 2019లో లైనక్స్ 5.2లో చేరింది. మంచి పనే, కానీ అప్పటికి తొలి మోడల్ గడువు దాటి దాదాపు ఏడాది అయింది. టెగ్రా కే1 పరిస్థితి కాస్త మెరుగు, ఎన్విడియా తానే ఓపెన్‌సోర్స్ నూవో డ్రైవర్‌కు కోడ్ ఇచ్చింది.

ఇక్కడ ధర ప్రస్తావన తప్పదు. ఈ చిప్‌లు ఫోన్లకూ టాబ్లెట్లకూ తయారైనవి. ఆ మార్కెట్‌లో ఏడాది, రెండేళ్లకు కొత్త చిప్ వస్తుంది, ఇంజినీర్లు దాని మీదికి వెళ్లిపోతారు. 169 డాలర్ల ల్యాప్‌టాప్ అమ్మినప్పుడు మిగిలే కొద్ది డబ్బులో ఐదో ఏడు, ఆరో ఏడు పని చేసే డ్రైవర్ ఇంజినీరు జీతం ఎవరూ కలుపుకోలేదు. చిన్న గడువు కంపెనీలు తర్వాత ఎప్పుడో తీసుకున్న నిర్ణయం అనుకోనక్కర్లేదు, మొదటి రోజు ధరలోనే అది ఉంది.

తాళం వేసినవి, వేయనివి

సపోర్ట్ ఆగాక ఇంకో ఓఎస్ వేసుకోవచ్చా అన్నది తాళం మీద ఆధారపడుతుంది. విండోస్ 8 ధ్రువీకరణ నియమాల్లో మైక్రోసాఫ్ట్ రెండు రకాల మెషీన్లకు రెండు రకాలుగా పెట్టింది: ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ) పీసీలో సెక్యూర్ బూట్‌ను, అంటే ఆమోదం లేని ఓఎస్‌ను లేవనివ్వని తాళాన్ని, యజమాని ఆపుకునే వీలు ఉండాలి, ఆర్మ్ మెషీన్‌లో ఉండకూడదు. దాంతో సర్ఫేస్ ఆర్‌టీలో లైనక్స్ వేసే దారి అధికారికంగా మూసుకుపోయింది. పైగా స్టోర్‌లోని యాప్‌లు తప్ప బయటి డెస్క్‌టాప్ ప్రోగ్రాములు నడవవు, విండోస్ 10కు అప్‌గ్రేడ్ లేదు. 2013 జులైలోనే మైక్రోసాఫ్ట్ ఈ సర్ఫేస్ నిల్వల మీద 90 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది. అయినా న్యాయంగా చెప్పాలంటే, విండోస్ ఆర్‌టీ 8.1కు భద్రతా అప్‌డేట్లు 2023 జనవరి దాకా ఇచ్చింది. తేదీల వరకు చూస్తే ఇది క్రోమ్‌బుక్‌ల కంటే మేలు. వాడకంలో మాత్రం అందులోని బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 దగ్గరే ఆగిపోయింది కాబట్టి చివరి ఏళ్లలో ఆ అప్‌డేట్ల వల్ల ఒరిగింది తక్కువే.

క్రోమ్‌బుక్‌లో డెవలపర్ మోడ్ ఉంది. అది ఆన్ చేస్తే లోపలి డేటా అంతా చెరిగిపోతుంది, ఆ తర్వాత మెషీన్ ఆన్ చేసిన ప్రతిసారీ హెచ్చరిక తెర వస్తుంది, ఆ తెర దగ్గర అలవాటు లేనివాళ్లు అది చెప్పినట్టల్లా కీలు నొక్కితే మెషీన్ మళ్లీ మొదటికి వచ్చి పెట్టుకున్నదంతా పోతుంది. ఇబ్బందే, కానీ దారి ఉంది.

గడువు దాటిన రోజు ఏమవుతుంది?

ఆ రోజు ఏమీ కాదు. మెషీన్ లేస్తుంది, లాగిన్ అవుతుంది, వీడియో ఆడుతుంది. తేడా నెలల తర్వాత తెలుస్తుంది. క్రోమ్ఓఎస్‌లో బ్రౌజర్ వేరు, ఓఎస్ వేరు కాదు. ఒకటి ఆగితే రెండోదీ ఆగుతుంది. విండోస్ 7తో పోల్చితే ఇది ఎంత పెద్ద తేడానో కనిపిస్తుంది: 2009లో వచ్చిన ఆ ఓఎస్‌కు మైక్రోసాఫ్ట్ ఉచిత భద్రతా అప్‌డేట్లు 2020 జనవరిలో ఆపేస్తే, గూగుల్ దాని మీద క్రోమ్ బ్రౌజర్‌ను 2023 మొదలుదాకా అప్‌డేట్ చేసింది. అంటే వేరే కంపెనీ ఓఎస్ మీద ఓఎస్ పోయాక కూడా మూడేళ్లు బతికిన బ్రౌజర్, సొంత ఓఎస్ మీద మాత్రం ఓఎస్‌తోపాటే పోయింది. బ్రౌజర్‌ను ఓఎస్ నుంచి విడదీయడానికి గూగుల్ ‘లాక్రోస్’ అనే ప్రాజెక్టు నడిపింది గానీ 2024లో దాన్ని ఆపేసింది.

ఆగిపోయిన బ్రౌజర్‌తో మొదటి ముప్పు భద్రతది, కనిపెట్టిన లోపాలు అలాగే తెరిచి ఉంటాయి. బ్యాంకు పనులు, ముఖ్యమైన ఈమెయిల్ అలాంటి మెషీన్ మీద చేయకపోవడమే మంచిది. తర్వాత సైట్లే ఒక్కొక్కటిగా ‘మీ బ్రౌజర్ పాతది’ అంటాయి, కొత్త జావాస్క్రిప్ట్ అర్థం కాక కొన్ని పేజీలు తెల్లగా మిగిలిపోతాయి. వీటన్నిటికీ తోడు 2 జీబీ ర్యామ్, అది బోర్డుకు అతికి ఉంటుంది, పెంచుకోలేం. అప్‌డేట్లు వస్తూనే ఉన్నా ఈ ర్యామ్‌తో నేటి వెబ్‌ను లాగడం కష్టమే అన్నది కంపెనీల వైపు నుంచి ఒప్పుకోవాల్సిన మాట.

లైనక్స్ వేసుకుంటే?

వేసుకోవచ్చు, మోడల్‌ను బట్టి. ఎక్స్86 మెషీన్లకు ఉన్న సులువు ఇక్కడ లేదు. పాత పీసీలకు కొత్త ప్రాణం పోయడానికని గూగుల్ 2022లో ఇచ్చిన క్రోమ్ఓఎస్ ఫ్లెక్స్ ఇంటెల్, ఏఎండీ మెషీన్ల మీదే నడుస్తుంది. దాని వల్ల వచ్చిన విచిత్రం ఏమిటంటే, విండోస్ కోసం తయారైన పాత ల్యాప్‌టాప్‌కు అప్‌డేట్లు వచ్చే క్రోమ్ఓఎస్ దొరుకుతుంది, క్రోమ్ఓఎస్ కోసమే తయారైన ఆర్మ్ మెషీన్‌కు దొరకదు. ఇంటెల్ చిప్ ఉన్న చాలా పాత క్రోమ్‌బుక్‌లకు యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ ఎక్కించి మామూలు లైనక్స్ వేసుకోవచ్చు. ఆర్మ్‌వాటికి ఆ దారి లేదు, క్రోమ్‌బుక్ బూట్ పద్ధతికి తగ్గట్టు ప్రత్యేకంగా కట్టిన ఇమేజ్ కావాలి.

ఉన్నవాటిలో ఆసుస్ సీ201 పరిస్థితి బాగుంది. దాని డివైస్ ట్రీ అసలు లైనక్స్ కెర్నల్‌లోనే ఉంది, లిబ్రెబూట్ అనే ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టు దానికి ఫర్మ్‌వేర్ ఇచ్చింది, డెబియన్ అనే లైనక్స్ ఆధారంగా ప్రాన్ఓఎస్ అనే ప్రాజెక్టు వచ్చింది, పాన్‌ఫ్రాస్ట్ వల్ల గ్రాఫిక్స్ కూడా పనిచేస్తాయి. 4 జీబీ ర్యామ్ ఉన్నది దొరికితే చిన్న చిన్న పనులకు ఇప్పటికీ పనికొస్తుంది. పాత ఫోన్లు, మెషీన్ల కోసం చేసిన లైనక్స్ అయిన పోస్ట్‌మార్కెట్ఓఎస్ జాబితాలో 2012 శాంసంగ్‌తో సహా ఈ తరం క్రోమ్‌బుక్‌లు కొన్ని కనిపిస్తాయి. సౌండ్ రాకపోవడం, మూత మూస్తే సరిగ్గా నిద్రపోకపోవడం లాంటి తలనొప్పులకు సిద్ధపడాలి.

ముందు ముందు ఇంకో ఇబ్బంది ఉంది, ఇవన్నీ 32 బిట్ చిప్‌లు. ఫెడోరా అనే లైనక్స్ 2022లో వచ్చిన వెర్షన్ 37తోనే 32 బిట్ ఆర్మ్‌ను వదిలేసింది. డెబియన్ ఇంకా పట్టుకుని ఉంది.

అదే ఏడాది పుట్టిన ఇంకో బోర్డు

చిప్ పాతది కాబట్టి సపోర్ట్ సాధ్యం కాదు అనే వాదనకు ఎదురు సాక్ష్యం రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న చవక కంప్యూటర్ బోర్డు. మొదటి మోడల్ 2012 ఫిబ్రవరిలో వచ్చింది, 700 మెగాహెర్ట్జ్ వేగం ఉన్న ఒక్క కోర్, ఆర్మ్ వెర్షన్ 6. శాంసంగ్ క్రోమ్‌బుక్ చిప్ దీనికంటే ఒక తరం ముందుంది, వేగంలో పోలికే లేదు. అయినా రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ 32 బిట్ వెర్షన్ ఆ మొదటి బోర్డు మీద ఇప్పటికీ నడుస్తుంది.

తేడా ఎక్కడుందంటే, ఒక సంస్థ కొద్ది రకాల బోర్డులే చేసి, వాటినే ఏళ్ల తరబడి అమ్ముతూ, కొత్త బోర్డుల అమ్మకాల డబ్బుతో పాతవాటి సాఫ్ట్‌వేర్ చూసుకుంటోంది. క్రోమ్‌బుక్‌ల దగ్గర ఓఎస్ ఒకరిది, చిప్ ఒకరిది, గ్రాఫిక్స్ డిజైన్ ఇంకొకరిది, మెషీన్ మీద పేరు మరొకరిది. ఎవరో ఒకరు చేయి ఎత్తేస్తే చాలు, మిగతావాళ్లు చేసేది ఏమీ ఉండదు.

తర్వాత తరానికి ఇదే గతి పడుతుందా?

కొంత మారింది. 2023 సెప్టెంబరులో గూగుల్ గడువును 10 ఏళ్లకు పెంచింది, 2021 నుంచి వచ్చిన ప్లాట్‌ఫాంలకు అది దానంతట అదే వర్తిస్తుంది. అంతకుముందు అదే ఏడాది అమెరికా వినియోగదారుల సంస్థ పీఐఆర్‌జీ, స్కూళ్లలో క్రోమ్‌బుక్‌లు తొందరగా చెత్తలోకి పోతున్నాయని నివేదిక ఇచ్చి గట్టిగా ఒత్తిడి తెచ్చింది. అప్పటికే గడువు దాటిన తొలితరానికి మాత్రం దీనితో ఒరిగిందేమీ లేదు. యూరప్‌లో సైబర్ రెసిలియెన్స్ చట్టం 2027 డిసెంబరు నుంచి పూర్తిగా అమల్లోకి వస్తే, కొనేటప్పుడే సపోర్ట్ ముగిసే తేదీ చెప్పడం, సాధారణంగా కనీసం 5 ఏళ్లు ఇవ్వడం తప్పనిసరి అవుతాయి.

విండోస్ వైపు మాత్రం పాత కథ ఒకసారి మళ్లీ నడిచింది. స్నాప్‌డ్రాగన్ 835తో 2018 ప్రాంతంలో వచ్చిన మొదటి విండోస్ 10 ఆర్మ్ ల్యాప్‌టాప్‌లు విండోస్ 11 జాబితాలో లేవు. నియమాలు దాటవేసి వేసుకున్నవారికి కూడా విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌తో దారి మూసుకుపోయింది, ఆ వెర్షన్‌కు కావాల్సిన ఆర్మ్ 8.1 ఆదేశాలు 835లో లేవు. విండోస్ 10 సాధారణ సపోర్ట్ 2025 అక్టోబరు 14న ముగిసింది. యూఈఎఫ్‌ఐ ఉన్నా, 64 బిట్ అయినా ఈ మెషీన్ల ఆయుష్షు తొలి క్రోమ్‌బుక్‌ల కంటే గొప్పగా ఏమీ లేదు.

సెకండ్ హ్యాండ్‌లో ఆర్మ్ క్రోమ్‌బుక్ చవకగా కనిపిస్తే ముందు మోడల్ పేరు పట్టుకుని గూగుల్ జాబితాలో తేదీ చూడాలి, లేదా మెషీన్ చేతిలో ఉంటే సెట్టింగ్స్‌లో ‘అబౌట్ క్రోమ్ఓఎస్’ కింద అదనపు వివరాల్లో చూడొచ్చు. తేదీ దాటినదైతే, ఆ బోర్డు పేరుతో డివైస్ ట్రీ అసలు లైనక్స్ కెర్నల్‌లో ఉందా, పోస్ట్‌మార్కెట్ఓఎస్ పేజీలో వైఫై, గ్రాఫిక్స్ పనిచేస్తున్నట్టు రాసి ఉందా అని చూసి కొనాలి. ఈ రెండూ లేకపోతే ఎంత తక్కువకు ఇచ్చినా వదిలేయడం మేలు.